కసెకాను తిట్టే వరస

పొద్దున లేవగానే బనా సంపా పొయ్యి రాజేసి, నీళ్ళ కుండ ఎక్కించి, కోళ్ళను వదిలి, నడుముకు చితెంగె గుడ్డ బిగించుకుని జలపాతాన్ని తిట్టడానికి వెళ్ళేది. నీళ్ళు కాగేలోపు తిట్టి రావడం ఆవిడ అలవాటు. బనా సంపా అంటే సంపా తల్లి అని అర్థం. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, అది ఎప్పుడో వాడక లేక మూలన పడింది. దారిలో ఎదురైనవాళ్ళు అరచేతులు దొప్పలా చేసి మెల్లగా చరుస్తూ పలకరించేవాళ్ళు. ఆవిడా చేతులు చరిచి జవాబిచ్చేది తప్ప నోరు విప్పేది కాదు. రోజులో మొదటి మాట కసెకాకే దక్కాలి.

కసెకా రాత్రంతా ఒళ్ళు దాచుకునే జలపాతం. తెల్లవారేసరికి నల్లరాతి మీద నాలుగు సన్నటి ధారలుగా వేలాడుతూ ఉంటుంది. బనా సంపా ఎదురుగా ఉన్న చదును బండ ఎక్కి, రెండు చేతులూ నడుము మీద వేసుకునేది.

"ఏరా కసెకా, నీకింకా తెల్లారలేదా? సూర్యుడొచ్చి నీ నెత్తిన కూర్చున్నా కదలవేం? మీ అమ్మ వాన ఏడాదిలో సగం నెలలు ఇల్లే పట్టదు. ఎవడి వెంట తిరుగుతోందో కనుక్కునేది పోయి, నువ్విక్కడ రాయి పట్టుకుని వేలాడు. మా ముసలి మేక నయంరా, నీకంటే ధారగా పోస్తుంది."

అప్పుడు పైన ఎక్కడో రాళ్ళ మధ్య గుడగుడమనేది. ఆ గుడగుడ కిందికి దిగి, దిగుతూ పెద్దదై, రాతి వెడల్పంతా నీళ్ళు ఒక్కసారిగా దూకేవి. ముందుగా బనా సంపాను నెత్తి నుంచి కాళ్ళ దాకా తడిపి, వీలు దొరికితే తలగుడ్డ లాక్కునిపోయేవి. "సిగ్గులేనివాడా, ఎప్పుడూ తలగుడ్డ మీదే నీ కన్ను," అని ఆవిడ ఒళ్ళు పిండుకుంటూ ఇంటికి మళ్ళేది. కింది మడుగులో ఆడవాళ్ళు బిందెలు ముంచుకునేవాళ్ళు. ఆవిడ ఎప్పుడైనా చుట్టాల పెళ్ళికి కసామా వెళ్తే, ఆ నాలుగు రోజులూ ధార సన్నగానే ఉండేది. "బనా సంపా ఊళ్ళో లేదు," అనుకుని ఆడవాళ్ళు చిన్న బిందెలు తెచ్చుకునేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ ఊరు మంచిగా ఉండాలంటే మాత్రం ఆవిడ నోరు చెడ్డగా ఉండాల్సిందే.

ఎవరుబడితే వాళ్ళు తిడితే కుదిరే పని కాదిది. ఆ ఊరివాళ్ళు బెంబాలు. వాళ్ళలో తల్లిది ఏ వంశమైతే బిడ్డలదీ అదే. కసెకా తల్లి వాన, కాబట్టి కసెకా వానవాళ్ళ బిడ్డ. బనా సంపా పుట్టగొడుగులవాళ్ళ ఆడపడుచు. వాన పడితే గానీ పుట్టగొడుగు మొలవదు. అందుకని ఈ రెండు వంశాలకూ వేళాకోళపు వరస. ఒకరినొకరు ఎంత మాటైనా అనొచ్చు, ఒకరింట్లో వస్తువు ఇంకొకరు పట్టుకుపోవచ్చు, కోపం తెచ్చుకున్నవాడిది తప్పు. ఇంకొకటి కూడా ఉంది. వానవాళ్ళలో ఎవరైనా పోతే గొయ్యి తవ్వి పూడ్చాల్సింది పుట్టగొడుగులవాళ్ళు. తిట్టే హక్కు ఎవరిదో పూడ్చే బరువు కూడా వాళ్ళదే.

ఊరిపెద్ద ముసెంగె వానవాళ్ళ మనిషి. ఆయన అక్క పోయినప్పుడు జనమంతా గుండెలు బాదుకుంటుంటే, బనా సంపా తవ్విన గోతిలోకి దిగి కాళ్ళు చాపుకుని పడుకుంది. "జరుగు వదినా, అంతా నీకేనా? బతికున్నన్నాళ్ళూ నాకు చాప చివర కూడా ఇవ్వలేదు, ఇక్కడైనా పంచుకుందాం," అంది. ఏడుస్తున్నవాళ్ళు ఏడుస్తూనే నవ్వారు. ముసెంగె నవ్వీ నవ్వీ గోతి గట్టున కూలబడ్డాడు. నవ్వు లేకుండా వెళ్ళిన మనిషికి దారి దొరకదని అక్కడివాళ్ళ నమ్మకం.

ఇలా నడుస్తుండగా కసెకా చుట్టూ కంచె వచ్చింది.

రాజధానిలో ఎవరో పెద్దవాళ్ళు ఆ అడవినీ జలపాతాన్నీ కౌలుకు తీసుకున్నారు. లారీల్లో జీబ్రాలనూ జింకలనూ తెచ్చి వదిలారు. గడ్డికప్పు గదులు కట్టారు. ఏనుగుల బొమ్మలు చెక్కిన పెద్ద గేటు పెట్టారు గానీ లోపల ఏనుగు లేదు. వస్తుందేమోనని ఊరివాళ్ళు చాలాకాలం చూసి మానేశారు. జలపాతం ముందు సిమెంటు బల్ల ఒకటి వేసి, ఫోటోలు దిగడానికి ఇదే చోటు అని బోర్డు రాయించారు. నీళ్ళకోసం ఊరి ఆడవాళ్ళకు కింది మడుగు దాకా ఒక కాలిబాట వదిలారు. బనా సంపా మాత్రం ఎప్పట్లాగే గేటులోంచి వెళ్ళి తిట్టి వచ్చేది. మొదట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఊళ్ళో పదిమందికి అక్కడ పని దొరికింది. వాళ్ళలో బనా సంపా కూతురు సంపా ఒకతె. ఆకుపచ్చ చొక్కా, నల్ల బూట్లు, మెడలో దూరాన్ని దగ్గర చేసి చూపించే అద్దాలు. పక్షి కూత విని పేరు చెప్పేది. చూడవచ్చినవాళ్ళ వెంట నడుస్తూ రాయి వయసెంతో, నీళ్ళెంత ఎత్తు నుంచి పడతాయో ఇంగ్లీషులో చెబుతుంటే బనా సంపాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా చూడటం ఇష్టంగా ఉండేది. ఒకరోజు తను తిడుతుండగా వచ్చినవాళ్ళు టోపీలు తీసి తలలు వంచుకుని నిలబడటం చూసి, సాయంత్రం కూతుర్ని అడిగింది.

"వాళ్ళకేం చెప్పావే?"

"నువ్వు దీవిస్తున్నావని."

"దీవెనా? నేను వాడి తల్లిని ఎండగడుతుంటే?"

"మరేం చెప్పమంటావు? మా అమ్మ నీళ్ళతో మేక ఉచ్చ గురించి మాట్లాడుతోందని చెప్పనా?"

"చెప్పు. వాళ్ళకూ మేకలుంటాయి."

సంపా నవ్వలేదు. బళ్ళో చదివే రోజుల నుంచీ తల్లి నోరంటే ఆ పిల్లకు తలవంపులుగానే ఉండేది. తిట్లమ్మ కూతురని పిలిచేవాళ్ళు. నా తర్వాత ఈ పని నీదే అని తల్లి అన్నప్పుడల్లా, నాకు తిట్టడం రాదు అని తప్పించుకునేది. నోరుంది, వంశముంది, ఇంకేం రావాలి అని బనా సంపా గొణిగేది.

ఆ పార్కుకు మేనేజరు జెరె అనే ఆయన. తూర్పు నుంచి వచ్చిన న్గోని మనిషి. న్గోనీలూ బెంబాలూ తాతల కాలంలో కొట్టుకున్నారు, అందుకని మనవల కాలంలో తిట్టుకోవచ్చు. బెంబాలు కోతులు తింటారని వాళ్ళు, న్గోనీలు ఎలుకలు తింటారని వీళ్ళు. ఆ వరస మీద జెరెకూ బనా సంపాకూ మొదటిరోజు నుంచీ బాగానే పొసిగింది.

"ఏం కోతులమ్మా, ఇవాళ కూరేంటి, తోకా?" అనేవాడు గేటు దగ్గర.

"నీకోసం ఎలుక కలుగు ఒకటి చూసి పెట్టాను నాయనా, చెయ్యి పెట్టి తీసుకో," అనేది ఆవిడ.

మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే ఉద్యోగస్తుడు. ఉద్యోగస్తుడి మంచితనం పైనుంచి ఫోను వచ్చేదాకానే.

ఆ ఫోను కిట్వే నుంచి వచ్చిన ఒక జంట వల్ల వచ్చింది. భర్త చర్చిలో పెద్ద. భార్యకు బెంబా వచ్చు. సంపా దీవెన అని చెబుతుండగానే ఆవిడ కసెకా తల్లి నడవడి గురించిన మాటలు విని, నవ్వు ఆపుకోలేక సిమెంటు బల్ల మీద కూలబడింది. ఆవిడ నవ్వింది, ఆయన రాజధానికి ఫిర్యాదు చేశాడు. డబ్బిచ్చి వచ్చినవాళ్ళకు బూతులు వినిపిస్తారా అని పెద్దవాళ్ళు జెరెను దులిపేశారు. ఇకనుంచి టికెట్టుగానీ మెడలో బిళ్ళగానీ లేనివాళ్ళెవరూ గేటు దాటకూడదన్నారు. మర్నాటి నుంచి పొద్దుటిపూట గేటు దగ్గర నిలబడమని సంపాకు చెప్పాడు జెరె. వేరేవాళ్ళు ఆపితే ఊరి గొడవ, కూతురు ఆపితే ఇంటి విషయం. అతనికి ఆ మాత్రం తెలివి ఉంది.

ఆ రాత్రి సంపా ముద్ద కెలుకుతూ కూర్చుంది, తినలేదు.

"రేపు రాకు అమ్మా," అంది. "వస్తే నా ఉద్యోగం పోతుంది. వచ్చే ఏడు పెద్ద పార్కుకు శిక్షణకు పంపిస్తామన్నారు. సింహాలున్న పార్కు. నాకు వెళ్ళాలని ఉంది."

"వెళ్ళు. నేను వద్దన్నానా?"

"నువ్వు గేటు దగ్గరికి వస్తే ఎలా వెళ్తాను?"

బనా సంపా చెయ్యి కడుక్కుంది. "నా కాళ్ళకు ఆ దారి మా అమ్మ నేర్పింది. నీ ఉద్యోగం నిన్నగాక మొన్న వచ్చింది. రెంటికీ దారి ఉంటే సరే. లేకపోతే రేపు పొద్దున నువ్వు ఏం చెయ్యాలో నువ్వే చూసుకో, నేను నీకు చెప్పను."

పొద్దున్నే బనా సంపా వెళ్ళింది. సంపా గేటుకు అడ్డంగా నిలబడింది. ఆకుపచ్చ చొక్కా ఇస్త్రీ మడతలు నలగలేదు. కాస్త దూరంలో జెరె చేతిలో టీ కప్పుతో ఎటో చూస్తున్నాడు.

"టికెట్టు ఉందా?" అని అడిగింది సంపా. అడిగాక కళ్ళు దించుకుంది.

బనా సంపా నోట్లో మాట అప్పటికే సిద్ధంగా ఉంది, కసెకా కోసం రాత్రి తయారు చేసుకున్నది. దాన్ని కూతురి మీద పోసి ఉండొచ్చు. పోయలేదు. తిట్టు వరసైనవాళ్ళకు ఇచ్చే కానుక, ఎవరికిబడితే వాళ్ళకు పంచేది కాదు. ఆవిడ కూతురి చెయ్యి ఒకసారి చూసింది. ఆ చెయ్యి గడియ వదల్లేదు. వెనక్కి తిరిగి ఇంటికి వచ్చి, కాగుతున్న నీళ్ళు దించి, పొయ్యి ఆర్పేసింది. ఆ రోజు ఆవిడ మొదటి మాట ఎవరికీ దక్కలేదు.

కసెకా మెల్లగా సన్నబడ్డాడు. మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత రాతి అంచులు ఎండాయి, మధ్యలో రెండు ధారలు మిగిలాయి, అవి ఒకటయ్యాయి. వచ్చినవాళ్ళు సిమెంటు బల్ల ఎక్కి, ఇదేనా అని అడిగేవాళ్ళు. సంపా రాయి వయసు ఇంకాస్త ఎక్కువసేపు చెప్పడం మొదలుపెట్టింది.

జెరెకు విషయం తెలియక కాదు. అతను కూడా ఈ నేల మీద పుట్టినవాడే. ఎవరో తిడితే గానీ ఇది దిగదని గ్రహించాడు. గ్రహించినవాడు నేరుగా బనా సంపా ఇంటికొస్తే సరిపోయేది. ఆవిడను గేటు దగ్గర ఆపిన మొహంతో రాలేక, తనకూ వరస ఉంది కదా అనుకున్నాడు. న్గోనీలు బెంబాలను తిట్టొచ్చు, కసెకా బెంబాల నేల మీద దూకేవాడే. లెక్క సరిగ్గానే ఉన్నట్టు కనిపించింది. ముసెంగెకు తెలిసి కర్ర ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "నాయనా, అది మనుషులకూ మనుషులకూ ఉన్న వరస. వాడికి తల్లి వంశం ఒక్కటే తెలుసు. వద్దు," అన్నాడు. అప్పటికే జెరె టై సర్దుకుని బల్ల ఎక్కాడు. పనివాళ్ళందరూ చూస్తుండగా కసెకా తల్లిని, తల్లి నడవడిని, బనా సంపా అనే మాటలే ఒక్కొక్కటీ అప్పజెప్పాడు. వరస ఉన్న నోట ఆ మాట సరసం. వరస లేని నోట అదే మాట తల్లిని తిట్టడం.

మిగిలిన ఒక్క ధార మధ్యలో తెగింది. తెగిన కింది ముక్క నేల మీద పడింది, పై ముక్క రాలేదు. రాయి ఎండిపోయింది. సాయంత్రానికల్లా కింది మడుగు బురదయింది.

ఊరంతా బనా సంపా గుమ్మం ముందు చేరింది. పంతం మానుకోమన్నారు. పిల్లలకు నీళ్ళు లేవన్నారు. ఆవిడ బండ మీద పుట్టగొడుగులు ఆరబెడుతూనే విన్నది.

"నేనెక్కడికీ పోలేదు, గేటు వేసింది వాళ్ళు," అంది. "ముందులా తలుపు తీసి ఉంచమనండి. ఇప్పుడే వస్తాను."

వెనకాలే జెరె వచ్చాడు. ఈసారి టై లేదు. ముంగిట్లో కూర్చుని, అరచేతులు దొప్ప చేసి చరిచి, ఆవిడ చూసేదాకా ఆగాడు.

"అమ్మా, తప్పయింది. మీరు రావాలి. పెద్దవాళ్ళతో మాట్లాడాను. మిమ్మల్ని పనిలో పెట్టుకుంటారట. జీతం ఇస్తారు. పొద్దున పది గంటలకొకసారి, మధ్యాహ్నం రెండింటికొకసారి. మాటలు కాస్త మెత్తగా ఉంటే చాలు. మెడలో ఈ బిళ్ళ వేసుకుంటే మిమ్మల్నెవరూ ఆపరు."

బనా సంపా ఆ బిళ్ళ అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తన ఫోటో కూడా అతికించి ఉంది. ఎవరు ఇచ్చారో అడగనక్కర్లేదు. గుమ్మంలో సంపా నిలబడి ఉంది.

"మా మేక మెడలో కూడా ఇలాంటిదే ఉంది," అంది బనా సంపా. "తప్పిపోతే ఎవరిదో తెలియాలని కట్టాను. నేను తప్పిపోలేదు నాయనా. మీరు రాకముందు నుంచీ ఇక్కడే ఉన్నాను. తిట్టడానికి జీతం తీసుకుంటే అది ఉద్యోగం. వరస కాదు. వరసైనవాడి ఇంటికి పది గంటలకొకసారి, రెండింటికొకసారి, మెడలో బిళ్ళ వేసుకుని వెళ్తే వాడు నన్ను చూసి నవ్వుతాడా? చీదరించుకుంటాడు. తీసుకుపో."

"టికెట్టూ బిళ్ళా రెండూ లేకుండా రానివ్వడం నా చేతుల్లో లేదమ్మా."

"నీ చేతుల్లో లేనివాటిని నా మెడలో ఎందుకు వేస్తావు?"

జెరె బిళ్ళ జేబులో వేసుకుని లేచిపోయాడు.

మర్నాడు ముసెంగె కొండ పైదాకా ఎక్కి దిగివచ్చాడు. రాళ్ళకు చెవి ఆనించి విన్నాడట. తిరిగొచ్చి ఊరి మధ్య నిలబడి టోపీ తీశాడు.

"మావాడు పోయాడు," అన్నాడు.

బనా సంపా చేతిలో జల్లెడ కింద పెట్టింది. అంతవరకూ వాడు అలిగాడనే అనుకుంది. అలిగినవాడి దగ్గర బెట్టు చెయ్యొచ్చు.

"పోతే పూడ్చాల్సింది నేనే కదా బావా," అంది. "పద."

ముసెంగె ఆవిడ వంక చూశాడు. "చావుకు టికెట్టు లేదు," అన్నాడు.

ఆ మాట ఊరంతా విన్నది. ఆడవాళ్ళు పిండి గిన్నెలు నెత్తిన పెట్టుకున్నారు, మగవాళ్ళు కట్టెలు భుజాన వేసుకున్నారు, ఏ చావుకు వెళ్ళినా అలాగే వెళ్తారు. గేటు ముందుకు వచ్చేసరికి ఏడుపు ఎత్తుకున్నారు. జెరె బయటికి వచ్చాడు. పిండీ కట్టెలూ చూశాడు. ఆ దేశంలో ఏ మూలనైనా, ఉత్తరాన గానీ తూర్పున గానీ, చావింటి తలుపు మూసినవాడు లేడు. లోపల ఆఫీసులో ఫోను మోగుతోంది. అతను చొక్కా చేతులు మడిచి, గేటు రెక్కలు రెండూ తానే తీసి, దారి పక్కన నేల మీద కూర్చున్నాడు. వేళాకోళపు వరస ఉంది కాబట్టి న్గోని మనిషి కూడా చావింటి మనిషే. ఫోటోలకోసం వచ్చిన జంట ఒకటి ఏం జరుగుతోందో తెలియక నిలబడితే, ఒక ముసలావిడ వాళ్ళ చేతులు పట్టుకుని కింద కూర్చోబెట్టింది. దూరంగా జీబ్రాలు మేత ఆపి చూశాయి.

బనా సంపా ఎండిన రాతి మీదికి ఎక్కింది. నీళ్ళు దొర్లే చోట, తరతరాలుగా అరిగి నునుపైన గాడి ఒకటి ఉంది. అందులో కాళ్ళు చాపుకుని పడుకుంది. రాయి వేడిగా ఉంది. అది ఎప్పుడూ వేడిగా ఉండగా ఆవిడ ఎరగదు. ఇప్పుడు నవ్వించాలి. అదే పని. జరగరా అనాలి. నా తలగుడ్డలన్నీ ఏం చేసుకున్నావురా, నీ తల్లికి చితెంగెలు కట్టించావా అనాలి. దారిలో అన్నీ అనుకుంటూనే వచ్చింది. నోరు తెరిచింది. మాట రాలేదు.

గేటు దగ్గర నుంచి తిరిగి వచ్చిన పొద్దున ఆవిడ ఏడవలేదు. ఇప్పుడు కళ్ళ పక్కల నుంచి కారి చెవుల్లోకి పోతోంది. ఇన్నేళ్ళూ రోజూ తిట్టిన మనిషి లేకుండా పోతే, ఎవరిని తిట్టడానికి నోరు తెరవాలి? కింద ఊరంతా ఎదురుచూస్తోంది. ఏడుపు ఆగింది. ముసెంగె కర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. నవ్వు పుట్టకపోతే కసెకాకు దారి దొరకదు. అది అందరికీ తెలుసు. ఆవిడకు ఇంకా బాగా తెలుసు.

రాతి మీద ఒట్టి కాళ్ళ చప్పుడయింది. సంపా. బూట్లు కింద విప్పేసి వచ్చింది. ఆకుపచ్చ చొక్కా చెమటతో వీపుకు అంటుకుంది. తల్లి పక్కన నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చివరికి నడుము మీద పెట్టుకుంది.

"లేవరా," అంది. గొంతు పీలగా వచ్చింది. కింద ఎవరో దగ్గారు.

"లేవరా కసెకా," అంది మళ్ళీ. "నాకు జ్వరమొస్తే కూడా మా అమ్మ ముందు నీ దగ్గరికి పరిగెత్తి, తర్వాత నా నుదురు ముట్టుకునేది. నాకంటే నిన్నే ఎక్కువ తిట్టింది. నీ మూలంగా బళ్ళో నన్ను తిట్లమ్మ కూతురన్నారు. ఇంత చాకిరీ చేయించుకుని, ఎవడో ఎలుకలు తినేవాడు ఒక మాట అన్నాడని చచ్చిపోయావా? రోషమా నీకు? నిజంగా రోషముంటే కంచె వేసిన రోజే చావాల్సింది. అప్పుడు చావలేదే. టికెట్టు కొన్నవాళ్ళ ముందు ఇంద్రధనుస్సు మెళ్ళో వేసుకుని కులుకుతూ దూకావు. గేటు దగ్గర మీ మరదల్ని ఆపితే మాత్రం ఒక్క చుక్క పొంగలేదు నీకు. నేను చెయ్యి అడ్డం పెట్టాను, నువ్వు చూస్తూ ఊరుకున్నావు. నువ్వూ నేనూ ఒకే గంపలో పిరికి పుట్టగొడుగులం. కాకపోతే నేను జీతం తీసుకుని పిరికిదాన్నయ్యాను. నీకేం ఇచ్చార్రా మొద్దూ? ఒక సిమెంటు బల్ల. అది కూడా నువ్వు కూర్చోవడానికి కాదు."

మొదట నవ్వింది ముసెంగె. తర్వాత ఆడవాళ్ళు. పిండి గిన్నెలు జారిపోకుండా పట్టుకుని నవ్వారు. దారి పక్కన కూర్చున్న జెరె తల వంచుకునే ఉన్నాడు గానీ అతని భుజాలు ఊగుతున్నాయి. పడుకున్న బనా సంపా వీపు కింద రాయి కూడా ఊగింది. కడుపులో నవ్వు బిగబట్టినవాడి పొట్ట కదిలినట్టు కదిలింది. పైన ఎక్కడో గుడగుడమంది.

"అమ్మా, లే," అంది సంపా.

లేవడానికి వ్యవధి లేకపోయింది. నీళ్ళు వచ్చాయి. వచ్చినవి పాత దారిన కిందికి దూకలేదు. గాడిలో పడుకున్న ఆవిడ దాకా వచ్చి, చంటిపిల్లను ఎత్తినట్టు వీపు కింద చేరి ఎత్తుకుని, ఎడమకు తిరిగాయి. కొండ వాలున ఊరివైపు నడిచాయి. అడ్డం వచ్చిన కంచె స్తంభాలను ఒక్కొక్కటే పీకి పక్కన పెట్టాయి. ఆడవాళ్ళు కసావా దుంపలు ఆరబెట్టుకునే బండల అంచు దాకా వెళ్ళి, ఆవిడను ఆ బండ మీద దించి, అక్కణ్ణుంచి దూకాయి. వెడల్పంతా దూకాయి. కంచె అవతల, ఊరి నేల మీద.

జనం పరిగెత్తుకుని వచ్చేసరికి బనా సంపా తడి దుంపల మధ్య కూర్చుని తల తడుముకుంటోంది. తలగుడ్డ లేదు. కింద కొత్తగా పుట్టిన మడుగులోకి నీళ్ళతోపాటు గుడ్డలు కొట్టుకొస్తున్నాయి. ఎర్రవి, నీలంవి, రంగు పోయినవి, చాలా. వాటిలో ఆవిడవే కాదు, ఆవిడ తల్లివి, ఆ తల్లి తల్లివి కూడా ఉన్నాయి. ఆడవాళ్ళు వాటిని ఏరి, పిండి, పొదల మీద ఆరేశారు.

సంపా వచ్చి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. బనా సంపా ఆ పిల్ల మొహం చాలాసేపు చూసింది.

"రాదన్నావు," అంది.

"రాదు. కోపమొచ్చింది, అంతే."

"అదే రావడమంటే."

ఆకుపచ్చ చొక్కాను సంపా ఆ సాయంత్రమే ఉతికి, ఇస్త్రీ చేసి, గేటు మీది చెక్క ఏనుగు దంతానికి తగిలించి వచ్చింది. సింహాల పార్కు సంగతి తల్లి అడగలేదు, కూతురు చెప్పలేదు. కొన్నాళ్ళకు పార్కులో జీబ్రాలూ, సిమెంటు బల్లా, దాని ఎదురుగా ఎండిన రాయీ మిగిలాయి. చూడవచ్చినవాళ్ళు ఊళ్ళోంచి నడిచి వచ్చేవాళ్ళు. ముసెంగె టికెట్టు పెట్టలేదు. దొప్ప చేతులతో చరిచి, కూర్చుని, పిలిచేదాకా ఆగాలి, అంతే. జెరె కూడా ఒకరోజు మామూలు చొక్కాతో వచ్చి కూర్చున్నాడు. బనా సంపా అతన్ని ఎండ నెత్తికెక్కేదాకా కూర్చోబెట్టి, ఆ తర్వాత, "రా నాయనా, ఇవాళ కూర తోకే," అంది.

ఇప్పుడు పొద్దున్నే పొయ్యి రాజేసేది బనా సంపా, చితెంగె బిగించుకుని వెళ్ళేది సంపా. దారిలో ఎదురైనవాళ్ళు చేతులు చరిచి తప్పుకుంటారు. సంపా నోరు విప్పదు. బనా సంపా కుండ ఎక్కించి, కట్టె ఎగదోసి, చెవి ఒగ్గి కూర్చుంటుంది. కాసేపటికి కూతురి గొంతు అందుకుంటుంది. మొదటి మాటలు తనవే, తన తల్లివే. తర్వాత కొత్తవి. ఒకరోజు ఒక మాట దగ్గర బనా సంపా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళలో అంత మాట తనకు తట్టనేలేదు. ఆ వెంటనే నీళ్ళు దూకిన చప్పుడు ఇంటి దాకా వినిపించింది. కుండలో నీళ్ళు ఇంకా కాగలేదు.